తవ్విన కొండకు కసువు ఎవరు కప్పాలి?

కుప్పము, గుడుపల్లె, వి.కోట ప్రాంతములలోని మన చదువరులకు సైనైడు దిబ్బలంటే ఏమిటో వివరించి చెప్పనక్కరలేదు. సరిహద్దు దాటి కోలారు బంగారు గనుల ఊరికి, మనవాళ్లు కె.జి.ఎఫ్. అనే ఊరికి వెళ్తే, చాలా దూరము నుండే అవి కనబడతాయి. చూచుటకు కొండలవలె ఉంటాయి గాని కొండలు కావు. పైన బల్లపరుపు, పక్కలంతా వానకు కోసుకుపోయిన గాళ్లు. సుమారు నూట ఇరవై ఏండ్లపాటు భూమి అడుగునుండి తెచ్చిన రాతిని పిండిచేసి, ఆ పిండిలోని బంగారమును సైనైడు నీళ్లతో కరిగించి తీసుకొని, మిగిలినది పోసిన కుప్పలవి.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1880లో అక్కడ పని మొదలుపెట్టింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వము చేతికి, ఆ తరువాత కేంద్రము చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారము తీసి, 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డాయి. టన్ను రాతిలో బంగారము కొద్ది గ్రాములు మాత్రమే. తక్కినదంతా దిబ్బకే చేరింది. ఇప్పుడక్కడ పదమూడు దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైగా రాతిపిండి ఉంది.

ఇది పొరుగు రాష్ట్రపు సంగతి కదా అనుకోనవసరము లేదు. చిత్తూరు జిల్లా పల్లెల నుండి ఎన్నో కుటుంబములు ఆ గనులకు కూలికి వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. మన సంఘములలో "మా తాత గనిలో చేశాడు" అని చెప్పుకొనేవారు నేటికీ ఉన్నారు. అదే కంపెనీ మన జిల్లాలో కూడ, గుడుపల్లె మండలములోని చిగురుగుంట, బిసానత్తము దగ్గర బంగారము తవ్వింది. కె.జి.ఎఫ్. మూతబడిన రోజులలోనే ఆ పనీ ఆగిపోయింది. పేరులోనే చిగురు ఉన్న ఊరది. గనులు ఆగినప్పుడు కార్మికుల బాకీలను గూర్చి, ఇండ్లను గూర్చి చాలా మాటలు జరిగాయి, జరగవలసినవే. గాని నేలను గూర్చి మాట్లాడినవారు తక్కువ. గని మూసేటప్పుడు నేలను ఏ స్థితిలో అప్పగించాలో ముందే ప్రణాళిక వ్రాసివ్వాలనే నిబంధన మన దేశములో 2003లో వచ్చింది. ఈ గనులు రెండేండ్ల ముందే మూతబడ్డాయి.

పిండిలో పైరు రాదు

ఆ దిబ్బలమీద గడ్డి ఎందుకు సరిగా రాదు? విషమువల్ల అని అందరూ అంటారు. సైనైడు ప్రాణాంతకమైన విషమే, అందులో సందేహము లేదు. అయితే ఎండ, గాలి తగిలిన కొలది అది కాలక్రమమున చాలామట్టుకు విరిగిపోతుంది. ఎన్ని ఏండ్లైనా విరగనిది దిబ్బలోని రాతిపిండి.

మట్టి వేరు, రాతిపిండి వేరు. మట్టిలో రాలిన ఆకు, కుళ్లిన వేరు, చెదలు, వానపాములు, కంటికి కనబడని జీవులు కోట్లకొలది ఉంటాయి. రాతిపిండిలో ఇవేవీ లేవు, నత్రజని లేదు. వాన పడితే అది గచ్చువలె బిగుసుకుంటుంది, ఎండితే గాలికి లేస్తుంది. రాతిలో గంధకము కలిసిన ఖనిజములుంటే అవి గాలికి, నీటికి తగిలి పులుసుగా మారి, వేరును కాలుస్తాయి. ఆ దుమ్ములో ఉండే సిలికాయే గని కార్మికుల ఊపిరితిత్తులను తినివేసింది. ఎండాకాలపు గాలులలో దిబ్బ నుండి లేచే దుమ్ము ఇంటిలోని కంచము దాకా వస్తుంది. కాబట్టి ఆ దిబ్బమీద గడ్డి మొలిపించుట అలంకారము కోసము కాదు. పసిపిల్లల ఊపిరికి సంబంధించిన విషయమది.

గ్రానైటు సంగతి వేరు. కుప్పము, శాంతిపురము, పలమనేరు, బంగారుపాళెము, చిత్తూరు చుట్టుపక్కల ఎన్ని గుట్టలు తెరుచుకున్నాయో దారిన పోయేవారికి తెలుసు. "కుప్పం గ్రీన్" అనే పచ్చరాయి పేరు రాళ్ల వ్యాపారులకు దేశవిదేశములలో తెలుసు. ఇక్కడ మిగిలేది పిండి కాదు, బండలు. తీసిన రాతిలో బ్లాకుగా అమ్ముడుపోయేది కొంతే. చిన్న పగులు, మచ్చ, రంగులో తేడా ఉన్నా దానిని పక్కకు తోసేస్తారు. బండమీద బండ పడిన ఆ గుట్టలో మట్టి నిలవదు, నీరు నిలవదు. పక్కనే నిలువు గోడల గుంటలో మాత్రము నీరు నిండా నిలుస్తుంది. వేసవిలో అందులో ఈతకు దిగిన పిల్లలు తిరిగి రాని వార్తలు మనము పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

ఈ రెండింటిలోను మేము గమనించిన సంగతి ఒకటే. గని తెరిచిన మొదటి రోజున యంత్రము ముందుగా గీకివేసేది పైమట్టిని. జానెడో మూరెడో ఉంటుంది అది. దానికి ధర లేదు కనుక ఒక మూలకు తోస్తారు, తరువాత దానిమీదనే వ్యర్థపు రాళ్లు పోస్తారు. పని ముగిసిన నాడు, నేలను మళ్లీ పచ్చగా చేయాలన్నప్పుడు, అన్నిటికన్న ముందుగా కావలసినది ఆ మట్టియే. అప్పుడది వంద లారీల బండల అడుగున ఉంటుంది.

ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతములో బాక్సైటు తవ్వే అడవులలో ఈ పాఠమును బాగా నేర్చుకున్నారు. గడ్డి, పొదల విత్తనములలో ఎక్కువ భాగము నేల పైపైన కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటాయని వారు కనుగొన్నారు. ఆ పొరను గీకి ఏండ్ల తరబడి కుప్పగా పెడితే విత్తనము చచ్చిపోతుంది. అందుచేత ఒకచోట గీకిన పైమట్టిని, వీలైనంత వెంటనే, పని ముగిసిన మరొక గుంటమీద పరుస్తారు. ఇంకొక సంగతి. మొదట్లో అక్కడ గుంటలు పూడ్చి, దూరపు తూర్పు ఆస్ట్రేలియా నుండి తెచ్చిన యూకలిప్టసు రకములను, పైను చెట్లను నాటేవారు. 1988 నుండి ఆ పద్ధతి మాని, ఆ అడవిలోనే పుట్టిన జర్రా అనే చెట్టును, దానితోపాటు పొదలను పెంచుట మొదలుపెట్టారు. యూకలిప్టసు, మనము నీలగిరి అనే చెట్టు, పుట్టినదే ఆ దేశములో. అక్కడ కూడ ఏ ఊరి చెట్టు ఆ ఊరికే అన్న మాటకు వచ్చారు.

సీమజాలి పచ్చదనము

మన దగ్గర క్వారీ అంచులలో ఏమి కనబడుతుంది? ఎవరైనా నాటితే నీలగిరి, సుబాబుల్. ఎవరూ నాటకపోతే సీమజాలి, అంటే సర్కారు తుమ్మ. దూరము నుండి చూస్తే పచ్చగానే ఉంటుంది. అధికారి ఫోటో తీసుకొని వెళ్లిపోవచ్చు.

ఈ సీమజాలి కథ మనవారు తెలుసుకోవలసినది. ఇది దక్షిణ అమెరికా, కరీబియను ప్రాంతముల చెట్టు. ఆనాటి మద్రాసు రాజధానిలో అడవుల అధికారియైన కర్నల్ బెడ్డోమ్ వంటచెరకు కరవు తీర్చుటకు దీని విత్తనములను తెప్పించమని కోరగా, 1870ల చివరిలో కడప జిల్లా కమలాపురములో నాటారు. మన దేశములో సీమజాలి తొలి అడుగు మన రాయలసీమలోనే పడిందన్నమాట. పొయ్యిలోకి కట్టెలిచ్చినది నిజమే, బొగ్గు కాల్చుకొని బ్రతికిన పేదలున్నారు, దానిని పూర్తిగా తిట్టలేము. గాని దాని కింద గడ్డి సరిగా లేవదు. మేకలు కాయలు తిని విత్తనములను నాలుగు దిక్కుల చల్లుతాయి. విచిత్రమేమంటే, తిరుమల కొండల ప్రాంతములో తప్ప సహజముగా పెరగని పేరీత అనే అపురూపమైన మొక్క శాస్త్రీయ నామములో ఆ బెడ్డోమ్ పేరే ఉంది. ఒకే మనిషి పేరు ఇక్కడి సొంత మొక్కకూ, బయటనుండి వచ్చి ఆక్రమించిన మొక్కకూ ముడిపడి ఉంది.

జోధ్‌పూర్ కోట పక్కన ఉన్న రాతినేలను సీమజాలి ఇలాగే కమ్ముకొని ఉండేది. 2006లో ప్రదీప్ కృషన్ అనే వృక్షప్రేమికుడు అక్కడ ఎడారి సొంత మొక్కలను తిరిగి తెచ్చే పనికి పూనుకున్నాడు. సీమజాలిని కొట్టితే మళ్లీ లేస్తుంది, వేరు లోతుగా రాతి చీలికలలో ఉంటుంది. ఆ వేరు తీయగలిగినవారు ఎవరో తెలుసా? తరతరములుగా రాళ్లు కొట్టే ఖండ్‌వాలియా కులస్థులు. సుత్తితో బండను తట్టి, శబ్దము వినియే ఎక్కడ మెత్తదనమున్నదో చెప్పి, అక్కడ గుంట తీసి వేరును పెకలించారు. ఆ గుంటలలోనే స్థానిక మొక్కలను నాటారు. అది ఇప్పుడు రావు జోధా పేరున డెబ్బది హెక్టార్ల వనము. మన జిల్లాలో రాతిపని వచ్చిన వడ్డెర కుటుంబములు ఎన్ని లేవు! బండ ఎక్కడ పగులుతుందో, నీరు ఎక్కడ ఇంకుతుందో వారికి తెలిసినంత మరెవరికి తెలుసు? గుట్టను తెరిచేటప్పుడు వారిని పిలుస్తారు గాని మూసేటప్పుడు పిలవాలని ఎవరికీ తోచదు.

ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో రాతి క్వారీలు, క్రషర్లు నడిచిన ఆరావళి నేలమీద 2010 నుండి ఊరివారు, నగరపాలక సంస్థ కలిసి అడవి పెంచారు. సుమారు నాలుగు వందల ఎకరములు. ఏ మొక్క నాటాలో వారికి నర్సరీ చెప్పలేదు. దగ్గరలోనే మాంగర్ బనీ అనే పాత అడవి ఉంది, గ్రామస్థులు భక్తితో కాపాడుకున్నది. దానిని చూచి, అక్కడి గింజలు ఏరి, మొలకెత్తించి నాటారు. 2022లో ఆ వనమునకు కేంద్రప్రభుత్వపు ప్రత్యేక గుర్తింపు లభించింది.

మన గుట్టకు మన మొక్క

మనకు అలాంటి పాఠపుస్తకము శేషాచలము కొండలలో, పలమనేరు కుప్పముల నడుమ కౌండిన్య అడవిలో, ఇంకా తెరవని ప్రతి గుట్టమీద ఉంది. పాడుబడిన క్వారీ ఒకటి ఊరి దగ్గర ఉంటే పదేండ్లపాటు దానిని చూడండి. ముందు వచ్చేది చెట్టు కాదు. చీపుర్లు కట్టే గడ్డి వస్తుంది, కొట్టాలకు కప్పే బోద వస్తుంది. కోస్తా చదువరులు కసువంటే ఊడ్చి పారవేసే చెత్త అనుకుంటారేమో. మన సీమలో పశువు మేసే గడ్డి కసువు, ఇల్లు కప్పే గడ్డి కూడ కసువే. తరువాత వెంపలి, తంగేడు, బందారు. వెంపలి చిన్న మొక్కే అయినా దాని వేళ్లలో బుడిపెలుంటాయి. వాటిలోని జీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. మన రైతులు వెంపలిని కోసి మళ్లలో పచ్చిరొట్టగా తొక్కేవారు కదా, కారణమదే. ఎరువు కొనకుండ రాతిపిండిని మట్టిగా మార్చే పని ఈ మొక్కలు చేస్తాయి.

పొదలు కుదురుకున్నాక రేగు, బలుసు, కలే పొదలలో పక్షులు వాలుతాయి. అవి తెచ్చి వేసిన గింజతో జువ్వి, రావి బండ సందులలో వేరు దింపుతాయి. ఆ తరువాత చెట్ల వంతు. చండ్ర, తెల్లతుమ్మ, చీకిరేణి, కానుగ, వేప, మోదుగ, నారేపి. నారేపి వేరు రాతి చీలికను పట్టుకొని లోతుకు పోతుంది. మొదటి ఏండ్లలో పైకి పెరగనట్లే కనబడుతుంది, లోపల పని చేసుకుంటూ ఉంటుంది. ఎర్రచందనము మన కొండల సొంత చెట్టే గాని, దాని మొక్కను ప్రభుత్వ నర్సరీ నుండి రసీదుతో తెచ్చుకోవాలి. అడవి నుండి ఏదీ తేకూడదు. ఎర్రచందనము వలన మన ప్రాంతపు ఎందరు యువకులు జైళ్లకు, కొందరు ప్రాణములకే నష్టపోయారో తెలిసినదే.

ఈ క్రమమును తలక్రిందులు చేసి, గుంటలో బలవంతముగా చెట్టు నాటి, ఒక వేసవి ట్యాంకరుతో నీళ్లు పోసి, లెక్క వ్రాసుకొని పోతే ఆ చెట్టు రెండవ వేసవికి ఉండదు. గడ్డి ముందు, చెట్టు వెనుక. అందులోను మొదటి మూడేండ్లు మేకలను కట్టడి చేయకపోతే ఏదీ నిలవదు. ఇది పేదకుటుంబమునకు చిన్న మాట కాదని మాకు తెలుసు. నాలుగు మేకలే ఆడబిడ్డ పెండ్లికి, పిల్లవాని ఫీజుకు ఆధారమైన ఇండ్లున్నాయి. కనుక "మేపవద్దు" అని బోర్డు పెట్టుట చాలదు. మేపుట ఆపి, కొడవలితో కోసి మోసుకొని పోనివ్వాలి. 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడిన ఊళ్లలో ఈ పద్ధతి చాలామందికి తెలుసు. కోసిన గడ్డి మళ్లీ లేస్తుంది, మేక పీకిన మొలక లేవదు.

అడుగవలసిన ప్రశ్నలు

చట్టము నిద్రపోలేదు. పైమట్టిని వేరుగా తీసి దాచాలని, తవ్విన నేలను తిరిగి బాగుచేయాలని 1988 నాటి ఖనిజ నిబంధనలలోనే ఉంది. గ్రానైటుకు 1999లో వేరే నిబంధనలు వచ్చాయి, వాటిలోను పర్యావరణము మాట ఉంది. అయిదు హెక్టార్లలోపు చిన్న క్వారీకి కూడ పర్యావరణ అనుమతి కావలెనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. గనులవల్ల దెబ్బతిన్న ఊళ్లకు ఖర్చుచేయుటకే ఆ నిధి.

వీటన్నిటికన్న మేము మన చదువరులకు చెప్పదలచినది 2020 జనవరి 8 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు. గనిపని ముగిసిన తరువాత లీజుదారు తన ఖర్చుతో ఆ నేలలోను, గనివలన చెడిన చుట్టుపక్కల నేలలోను తిరిగి గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జంతువులకు అనువుగా చేయవలెనన్న షరతును ప్రతి గని లీజులో పెట్టమని కోర్టు కేంద్రమును ఆదేశించింది. కోర్టు చెట్లు నాటమనుటతో సరిపెట్టలేదు, గడ్డిని పేరు పెట్టి అడిగింది. మేత లేక పశువులను అమ్ముకున్న ఇంటివారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.

మరి అమలు? క్వారీ పాడుబడి, యంత్రములు వెళ్లిపోయి, లీజుదారు ఫోను ఎత్తని నాడు ఏ ఉత్తర్వు చేతబట్టుకున్నా ఫలము తక్కువ. అడగవలసిన సమయము మొదటి లారీ రాకముందే. పైమట్టి ఎక్కడ పెడతారు? వ్యర్థపు బండలు ఎక్కడ పోస్తారు, మా వంక పూడదు కదా? గుంట చుట్టూ కంచె ఎవరు వేస్తారు? ఏ గడ్డి, ఏ మొక్క, ఎవరి ఖర్చు? ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లి ఈ మాటలు అడిగి, మినిట్సులో వ్రాయించండి. అనుమతి పత్రపు షరతులను 2005 సమాచార హక్కు చట్టము కింద తెప్పించుకొని, ఇంటిలో చదువుకున్న పిల్లలచేత చదివించుకోండి. క్వారీలో కూలి చేసుకొనే కుటుంబములు మన సంఘములలోనే ఉన్నాయి. ఈ ప్రశ్న వేస్తే పని పోతుందేమో అనే భయము వారికి ఉంటుంది. కాబట్టి వారిని ముందు నిలబెట్టకుండ ఊరంతా కలిసి అడుగుట మేలు.

ఇప్పుడు అడుగుటకు కారణము కూడ ఉంది. చిగురుగుంట, బిసానత్తము బంగారు బ్లాకును మరల వేలము వేయగా ప్రభుత్వరంగ సంస్థ ఎన్.ఎం.డి.సి. దక్కించుకుంది. కె.జి.ఎఫ్.లోని పదమూడు దిబ్బలను, సుమారు వెయ్యి ఎకరముల మేర, మళ్లీ శుద్ధిచేసి మిగిలిన బంగారము తీయుటకు వేలము వేసే ప్రతిపాదనకు 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించింది. దిబ్బ కదిలితే దుమ్ము లేస్తుంది. దిబ్బ తీసేస్తే దాని అడుగున నూరేండ్లుగా ఎండ చూడని నేల బయటపడుతుంది. దానిమీద ఏమి మొలుస్తుందో ఆ కాగితములలో ముందే వ్రాసి ఉండాలి.

గింజలు పోగుచేయుటకు మాత్రము ఎవరి అనుమతి కొరకు కాచుకోనక్కరలేదు, మన పొలము గట్టున, ఊరి దారిలో ఉన్న చెట్లే చాలు. తంగేడు, చండ్ర కాయలు చలికాలము చివరనుండి ఎండుతాయి. తంగేడు గింజ పొట్టు గట్టిది, వేడినీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. కానుగకాయలు వేసవిలో ఏరి నీడలో ఆరబెట్టాలి. చీపురుగడ్డి, బోద వెన్నులు పండినప్పుడు కోసి, గింజ రాలకముందే గోనెసంచిలో వేసుకొని, తొలకరికి తడిమట్టిలో, పేడలో కలిపి చల్లాలి. వేపపండ్లు తొలకరికి అటూఇటూ రాలుతాయి. వేపగింజ ప్రాణము కొద్ది వారములే, ఏరిన వెంటనే గుజ్జు కడిగి అదే వానలో నాటాలి.